ఊరి నీళ్లలో బూడిద కలుస్తోందని అనుమానమా? ముందు రికార్డు కట్టండి

బోరు నీళ్లు గిన్నెలో పోసి కాసేపు కదపకుండా ఉంచితే అడుగున బూడిదరంగు పొర దిగుతోంది. కాలవ రేవులో మెట్ల మీద సిమెంటు పొడిలాంటి బురద పేరుకుంటోంది. ఇలాంటివి చూసినప్పుడు ఊళ్లో మొదట వినిపించే మాట "రోడ్డెక్కుదాం పదండి" అని. రోడ్డెక్కే హక్కు మనకుంది, ఆ రోజూ రావచ్చు. కానీ ఆ రోజు ఎదురుగా నిలబడిన అధికారి మూడే ప్రశ్నలు అడుగుతారు: ఎక్కడ, ఎప్పటి నుంచి, ఎంత? వీటికి కాగితం మీద సమాధానం లేకపోతే "పరిశీలిస్తాం" అన్న ఒక్క మాటతో అందర్నీ ఇంటికి పంపేస్తారు. అందుకే నేను చెప్పేది ఒకటే: తేదీలతో, సంతకాలతో, నలుగురి చేతుల్లో ఉండే రికార్డు ముందు. మిగతావన్నీ దాని మీద నిలబడతాయి.

ఇక్కడ రాసేది విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల వాళ్లను దృష్టిలో పెట్టుకుని. ఎక్కువగా చెప్పేది బొగ్గు విద్యుత్ కేంద్రాల బూడిద గురించే అయినా, గ్యాస్ కేంద్రానికైనా ఆయిల్ డిపోకైనా పద్ధతి దాదాపు ఇదే.

అన్నిటికంటే ముందు తాగే నీళ్లు మార్చండి

అనుమానం వచ్చిన రోజు నుంచే ఆ బోరు నీళ్లు తాగడం, వంటకు వాడడం ఆపండి. పసిపిల్లలు, గర్భిణులు, కిడ్నీ జబ్బున్నవాళ్లు ఉన్న ఇళ్లలో ఇంకా ముందు. మరగబెడితే సరిపోతుందని చాలామంది నమ్ముతారు. మరగబెడితే క్రిములు చస్తాయి కానీ ఆర్సెనిక్, సీసం లాంటివి పోవు. పైగా నీరు ఆవిరైపోయి అవి ఇంకాస్త చిక్కబడతాయి. పటిక వేస్తే నీళ్లు తేటగా కనిపిస్తాయి, కానీ కరిగి ఉన్న లోహాల విషయంలో ఆ తేటదనాన్ని నమ్మడానికి లేదు. పంచాయతీని గానీ మున్సిపాలిటీని గానీ ట్యాంకర్ నీళ్లు అడగండి, అడిగినట్టు రాతపూర్వకంగా ఇవ్వండి. మీ రికార్డులో మొదటి కాగితం అదే అవుతుంది.

నీళ్లు ఎటు నుంచి ఎటు పారుతున్నాయో గీయండి

తెల్ల కాగితం మీద మీ ఊరి నీటి పటం గీయండి. చెరువు, బోర్లు, చేతి పంపులు, తూములు, మురుగు కాలవలు, ఫ్యాక్టరీ గోడ, బూడిద చెరువు (కాల్చిన బొగ్గు బూడిదను నీళ్లతో కలిపి నిల్వచేసే చోటు) కట్ట, పైపులు బయటికి వచ్చే చోట్లు, అన్నీ పెట్టండి. వాలు ఎటు ఉందో బాణాలు వేయండి. ఊళ్లో పాత రైతుల్ని, చేపలు పట్టేవాళ్లని కూర్చోబెట్టి గీయిస్తే ఏ ఇంజనీరుకీ తీసిపోని పటం వస్తుంది.

ఈ పటం ఎందుకంత ముఖ్యమో మన ప్రాంతాన్నే చూడండి. ఇబ్రహీంపట్నం, కొండపల్లి మధ్య ఉన్న నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం 1979లో మొదలైంది. ఇప్పుడు దాని సామర్థ్యం 2,560 మెగావాట్లు. అక్కడి నుంచి కృష్ణ కిందికి వస్తే ఫెర్రీ, పవిత్ర సంగమం, భవానీపురం, ఆ తర్వాత ప్రకాశం బ్యారేజీ. విజయవాడ తాగే నీళ్లు బ్యారేజీ పైన నిలిచే నీళ్లే. అవే నీళ్లు అవతలి ఒడ్డున సీతానగరం వైపు నుంచి కాలవల్లో పడి గుంటూరు జిల్లాకు వెళ్తాయి. ఇటు వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర బుడమేరు వాగు రెండు దారులు పడుతుంది: ఒకటి డైవర్షన్ ఛానల్‌గా కృష్ణలోకి, రెండోది నగరం మీదుగా కొల్లేటికి. అంటే ఒక మురుగు కాలవ బుడమేరులో ఏ పక్క కలుస్తుందన్నదాన్ని బట్టి ఆ నీళ్లు విజయవాడ కుళాయికి చేరతాయా, కొల్లేటి చేపకు చేరతాయా అన్నది తేలుతుంది. 2024 సెప్టెంబరు వరదల్లో సింగ్‌నగర్ మునిగినప్పుడు బుడమేరు ఎటు పారుతుందో నగరమంతా నేర్చుకుంది. మీ ఊరి కాలవ గురించి మీరు ముందే తెలుసుకోండి.

బూడిద నీళ్లలోకి ఎలా వస్తుంది

మన దేశపు బొగ్గులో సాధారణంగా 30 నుంచి 45 శాతం దాకా బూడిదే ఉంటుంది. కాల్చాక మిగిలిన బూడిదలో కొంత పొడిగా సిమెంటుకీ ఇటుకలకీ పోతుంది. మిగతాదాన్ని నీళ్లలో కలిపి పైపుల ద్వారా బూడిద చెరువుకు పంపుతారు. అక్కడ బూడిద అడుక్కి దిగుతుంది, పైన తేరిన నీటిని మళ్లీ వాడుకోవాలి, లేదా పరిమితులకు లోబడి వదలాలి. చెరువు అడుగున సరైన పొర లేకపోతే నీళ్లు భూమిలోకి ఇంకుతాయి. కట్ట బలహీనపడితే వానాకాలంలో పొర్లుతాయి. 2020 ఏప్రిల్‌లో మధ్యప్రదేశ్‌లోని సింగ్రౌలీ దగ్గర బూడిద చెరువు కట్ట తెగి మనుషులు కొట్టుకుపోయారు, పొలాలు బురదలో మునిగాయి. కాబట్టి కట్ట మీద పగుళ్లు, కింద ఊట కనిపిస్తే దాన్ని నీటి కాలుష్యం కింద మాత్రమే చూడకండి. అది ప్రాణాపాయం, ఆ రోజే కలెక్టరేట్‌కి చెప్పాల్సిన విషయం.

బూడిదలో ఆర్సెనిక్, పాదరసం, సీసం, క్రోమియం, సెలీనియం కొద్ది కొద్ది మోతాదుల్లో ఉంటాయి. సల్ఫేటు, బోరాన్ మాత్రం త్వరగా కరిగి నీళ్లతో పాటు ముందుగా బయటికి వస్తాయి. ఇది గుర్తుంచుకోండి, పరీక్షల దగ్గర పనికొస్తుంది.

ఒక్కరు మోయకండి

ఒక్క మనిషి చేతిలో ఉన్న ఉద్యమం ఆ మనిషికి జ్వరం వస్తే ఆగిపోతుంది, ఆ మనిషి మీద ఒత్తిడి వస్తే చచ్చిపోతుంది. కనీసం ఐదారు ఇళ్లు కలిసి మొదలుపెట్టండి. డ్వాక్రా సంఘాల ఆడవాళ్లను మొదటి రోజే పిలవండి. నీళ్లు పట్టేది, మోసేది, రంగు మారిందని ముందు గమనించేది వాళ్లే. సంఘం పుస్తకాలు రాసే అలవాటు ఉంటుంది కాబట్టి రికార్డు రాయడం వాళ్లకు కొత్త కాదు. బడిలో సైన్స్ మాస్టారు, ఆశా కార్యకర్త, చేపల వలలు వేసే ఒకరిద్దరు, ఒక రిటైర్డ్ ఉద్యోగి ఉంటే ఇంకా మంచిది.

ఒక మాట గట్టిగా చెప్తాను. ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేసేవాళ్లు, బూడిద తోలే టిప్పర్ల డ్రైవర్లు, బూడిద ఇటుకల బట్టీవాళ్లు మీ ఊళ్లోనే ఉంటారు, మీ చుట్టాలే అయి ఉంటారు. వాళ్లను శత్రువుల కింద చూస్తే సగం ఊరు మీకు దూరమవుతుంది. "బాబాయ్, మీ పని పోవాలని కాదు మేం అడిగేది, మీ ఇంట్లో పిల్లలు తాగే నీళ్లు కూడా ఇవే కదా" అని వాళ్ల ఇంటికెళ్లి చెప్పండి. బూడిద చెరువులో పోగుపడకుండా పొడిగా ఇటుకలకీ రోడ్లకీ పోవడం నిజానికి నీళ్లకు మంచిదే. 2021 డిసెంబరు 31న కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ బొగ్గు కేంద్రాలు బూడిదను 100 శాతం వినియోగించాలని, మిగిల్చిన బూడిదకు టన్నుకు 1,000 రూపాయల చొప్పున పర్యావరణ పరిహారం కట్టాలని చెబుతోంది. టార్పాలిన్ కప్పిన టిప్పర్ మన పక్షమే.

నీటి పుస్తకం

200 పేజీల లాంగ్ నోట్‌బుక్ కొనండి. పేజీలకు నంబర్లు వేయండి. ప్రతి నమోదులో తేదీ, సమయం, చోటు, ఏం కనిపించింది, వాసన, వాన పడిందా లేదా, చూసినవాళ్ల పేర్లు, సంతకాలు ఉండాలి. "నీళ్లు దారుణంగా ఉన్నాయి" అని రాయకండి. "తూము దగ్గర నీళ్లు బూడిదరంగులో, నురగతో ఉన్నాయి, మోకాలి లోతులో అడుగు కనిపించలేదు" అని రాయండి. కొట్టివేతలుంటే పక్కన పొట్టి సంతకం పెట్టండి.

ఫోటోలకు తేదీ, స్థలం ముద్రపడే కెమెరా యాప్ వాడండి. ఫోన్‌లో తీసిన అసలు ఫైలు అలాగే ఉంచండి. వాట్సాప్‌లో పంపితే సైజు తగ్గి వివరాలు పోతాయి, రేపు ఎవరైనా ప్రశ్నిస్తే చూపించాల్సింది అసలు ఫైలే. ప్రతిసారీ ఒకే చోట నిలబడి, ఒకే కోణంలో తీస్తే మార్పు దానంతట అదే కనిపిస్తుంది.

వానాకాలం మొదటి పెద్ద వాన తర్వాతి రోజు, కాలవలు కట్టేసిన వేసవి రోజులు, జూన్‌లో కాలవలకు నీళ్లు వదిలిన వారం, ఈ మూడు సమయాల్లో తప్పకుండా రాయండి. తెల్లవారుజామున నీళ్లకు వచ్చేవాళ్లను ప్రత్యేకంగా అడగండి, రాత్రి వదిలింది వాళ్ల కంటే ముందు ఎవరికీ కనపడదు.

నమూనా తీయడం: ఇక్కడ తొందరపడకండి

మన వాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలో నీళ్లు పట్టి, నాలుగు రోజులు బండి డిక్కీలో ఉంచి ల్యాబుకి ఇస్తే ఆ రిపోర్టును ఎవరూ పట్టించుకోరు.

ముందు ల్యాబుకి ఫోన్ చేయండి. ఎన్‌ఏబీఎల్ (ల్యాబుల పనితీరు చూసి గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉందా, మీరు అడిగే ఒక్కో పరీక్షకూ ఆ గుర్తింపు వర్తిస్తుందా అని అడగండి. గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబుల్లో మామూలు తాగునీటి పరీక్షలు తక్కువ ఖర్చుతో చేస్తారు, అక్కడ మొదలుపెట్టి లోహాల పరీక్షలకు మాత్రం పెద్ద ల్యాబుకి వెళ్లొచ్చు. సీసాలు ల్యాబు నుంచే తెచ్చుకోండి. లోహాల పరీక్షకు సీసాలో నైట్రిక్ ఆమ్లం చుక్కలు వేసి ఇస్తారు, అలాంటి సీసాను కడగకూడదు. పాదరసానికి, నూనె జిడ్డుకు విడిగా సీసాలు అడగండి. మామూలు సీసానైతే పట్టబోయే నీళ్లతోనే మూడుసార్లు తొలిచి, తర్వాత నింపండి.

బోరు నీళ్లయితే పది నిమిషాలు వదిలేశాక పట్టండి, లేకపోతే పైపులో నిలవ ఉన్న నీళ్లు వస్తాయి. కాలవైతే ఒడ్డున కాకుండా పారే నీళ్ల మధ్య నుంచి, మీరు కింది వైపు నిలబడి పై వైపు నుంచి పట్టండి. ఇద్దరు కలిసి వెళ్లండి, ఈత రానివాళ్లు దిగొద్దు. బ్యారేజీ పైన ప్రవాహం నెమ్మదిగా కనిపిస్తుంది కానీ లోతు మోసం చేస్తుంది.

నమూనా ఒక్కటి తీస్తే సరిపోదు. కాలవలో వ్యర్థం కలిసే చోటుకు పైన ఒకటి, కలిసే చోట ఒకటి, కింద ఒకటి తీయాలి. భూగర్భ జలమైతే బూడిద చెరువుకు దగ్గరి బోరు, వాలులో కాస్త దూరంగా ఉన్న బోరు, పూర్తిగా వేరే దిక్కున ఉన్న బోరు. ఈ మూడోది చాలామంది వదిలేస్తారు. మన గుంటూరు, కృష్ణా నేలల్లో ఉప్పు, గట్టి నీళ్లు, కొన్నిచోట్ల ఫ్లోరైడ్ భూమిలోనే ఉంటాయి. పోల్చడానికి దూరపు బోరు లేకపోతే "ఇది మీ నేల గుణం" అని కొట్టిపారేస్తారు. అలా అనడం కొన్నిసార్లు నిజం కూడా. చెడ్డ నీళ్లన్నిటికీ ఫ్యాక్టరీ కారణం కాదు, ఆ సంగతి మనమే ముందు తేల్చుకుంటే మన మాటకు విలువ పెరుగుతుంది. క్లోరైడు మాత్రమే ఎక్కువుంటే ఉప్పు నేల అనుకోవచ్చు. నైట్రేటు ఎక్కువుంటే మురుగో ఎరువులో అయ్యే అవకాశం ఉంది. సల్ఫేటు, బోరాన్ రెండూ దగ్గరి బోరులో ఎక్కువగా, దూరపు బోరులో తక్కువగా ఉంటే అప్పుడు బూడిద వైపు వేలెత్తి చూపడానికి బలమైన కారణం దొరికినట్టే.

సీసా మీద నంబరు, చోటు, తేదీ, సమయం, తీసినవారి సంతకం ఉండాలి. అక్కడే ఒక చిన్న పంచనామా రాసి ఇద్దరు సాక్షుల చేత సంతకం పెట్టించండి. ఐస్ పెట్టెలో పెట్టి అదే రోజు, కుదరకపోతే మర్నాడు ఉదయానికి ల్యాబులో ఇవ్వండి. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి ఎన్ని గంటలకు మారిందో కాగితం మీద ఉండాలి. అదే సమయంలో అదే చోట రెండో సీసా కూడా నింపి ఉంచితే, రిపోర్టు మీద వివాదం వచ్చినప్పుడు అక్కరకొస్తుంది.

ఆన్‌లైన్‌లో దొరికే టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలు ఎంతో చూపేది), పీహెచ్ పేపర్లు (ఆమ్ల, క్షార గుణం చూపేవి) ఇంట్లో ఉంచుకోండి. అవి రోజువారీ మార్పు చూపిస్తాయి. కానీ టీడీఎస్ తక్కువుంది కాబట్టి నీళ్లు మంచివే అనుకోవద్దు, ప్రమాదకరమైన మోతాదులో ఆర్సెనిక్ ఉన్నా ఆ మీటరుకు తెలియదు.

రిపోర్టు వచ్చాక తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500తో పోల్చండి. లీటరుకు మిల్లీగ్రాముల్లో: కరిగిన లవణాలు 500 వరకు మంచిది, వేరే నీళ్లు దొరక్కపోతే 2,000 వరకు అనుమతి. సల్ఫేటు 200, గరిష్ఠం 400. ఫ్లోరైడ్ 1, గరిష్ఠం 1.5. సీసం 0.01, ఆర్సెనిక్ 0.01, క్రోమియం 0.05, పాదరసం 0.001. పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య. బూడిద చెరువు నుంచి బయటికి వదిలే నీటికి లెక్క వేరు. అందులో తేలియాడే ఘనపదార్థాలు లీటరుకు 100 మిల్లీగ్రాములు దాటకూడదు. ఈ రెండు లెక్కలూ కలిపేసి మాట్లాడితే ఎదుటివాళ్లు అక్కడే పట్టుకుంటారు.

సమాచార హక్కుతో అసలు కాగితాలు తెప్పించండి

ప్రతి విద్యుత్ కేంద్రానికీ కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన నిర్వహణ అనుమతి పత్రం ఉంటుంది. దాన్నే సీఎఫ్‌ఓ అంటారు. రోజుకు ఎన్ని నీళ్లు వదలొచ్చు, ఎక్కడ వదలాలి, ఏ పరిమితిలో ఉండాలి, అన్నీ అందులో ఉంటాయి. మీ పోరాటానికి అదే కొలబద్ద. సమాచార హక్కు దరఖాస్తులో ఇవి అడగండి: సీఎఫ్‌ఓ నకలు, గత మూడేళ్లలో మండలి తీసిన నమూనాల రిపోర్టులు, తనిఖీ నివేదికలు, ఇచ్చిన నోటీసులు, బూడిద చెరువు చుట్టూ భూగర్భ జలాన్ని గమనించడానికి తవ్విన పరిశీలన బావుల వివరాలు, బూడిద వినియోగంపై వార్షిక నివేదిక.

"ఎందుకు చర్య తీసుకోలేదు" అని అడగకండి, దానికి జవాబు రాదు. "నకలు ఇవ్వండి" అని మాత్రమే అడగండి. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రాకపోతే లేదా సరిగా లేకపోతే 30 రోజుల్లోపు మొదటి అప్పీలు, తర్వాత 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. చాలామందికి తెలియనిది ఇంకొకటుంది: ఈ చట్టం కింద రికార్డులను, పనులను స్వయంగా వెళ్లి చూసే హక్కు, ధ్రువీకరించిన నమూనాలు తీసుకునే హక్కు కూడా మనకున్నాయి.

పర్యావరణ అనుమతి ఉన్న ప్రాజెక్టులు షరతులు ఎలా పాటిస్తున్నాయో ఏటా జూన్ 1న, డిసెంబరు 1న అర్ధవార్షిక నివేదిక ఇవ్వాలి. అవి బహిరంగ పత్రాలు. మీ నీటి పుస్తకంలోని తేదీలను ఆ నివేదికలోని తేదీల పక్కన పెట్టి చదవండి. "బయటికి నీరు వదలడం లేదు" అని రాసిన నెలలో మీరు తూము దగ్గర తీసిన ఫోటో ఉందంటే, అంతకంటే బలమైన సాక్ష్యం వేరే అక్కర్లేదు.

ఫిర్యాదు ఒక పేజీ దాటొద్దు

కాలుష్య నియంత్రణ మండలికి విజయవాడలోనూ గుంటూరులోనూ ప్రాంతీయ కార్యాలయాలున్నాయి. అక్కడి పర్యావరణ ఇంజనీరు పేరిట రాయండి. నకళ్లు కలెక్టరుకు, తాగునీళ్లయితే గ్రామీణ నీటి సరఫరా శాఖకు లేదా నగరపాలక సంస్థకు, కాలవైతే జలవనరుల శాఖకు, బోర్లయితే భూగర్భ జల శాఖకు. ఫిర్యాదులో ఒకే నీటి చోటు, ఒకే కోరిక ఉండాలి. పది సమస్యలు కలిపి రాస్తే అది పది ఆఫీసుల చుట్టూ తిరిగి చివరికి ఎవరిదీ కాకుండా పోతుంది. ఇలా రాయొచ్చు:

"అయ్యా, మా గ్రామంలోని ఫలానా కాలవ తూము దగ్గర ఫలానా తేదీల్లో బూడిదరంగు నీరు కలుస్తున్నట్టు గమనించాం. ఫోటోలు, ల్యాబు రిపోర్టు, నీటి పటం జతచేశాం. ఈ కాలవ నీటిని ఇన్ని ఇళ్లవాళ్లు వాడుతున్నాం. తమరు గ్రామస్థుల సమక్షంలో నమూనాలు తీయించి, రిపోర్టు నకలు మాకు ఇప్పించవలసిందిగా, అనుమతి షరతుల ఉల్లంఘన ఉంటే 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం ప్రకారం చర్య తీసుకోవలసిందిగా కోరుతున్నాం."

ఇందులో "గ్రామస్థుల సమక్షంలో నమూనాలు" అన్న మాట చాలా ముఖ్యం. మీరు తీయించిన రిపోర్టు మండలిని కదిలించడానికి పనికొస్తుంది. ఫ్యాక్టరీ మీద చట్టప్రకారం కేసు నిలబడాలంటే మాత్రం మండలి అధికారే నమూనా తీయాలి. ఫ్యాక్టరీవాళ్లకు అక్కడికక్కడే నోటీసు ఇచ్చి, నమూనాను రెండు భాగాలు చేసి, సీలు వేసి, సంతకాలు తీసుకోవాలి. ఆ విధానం తప్పితే ఆ రిపోర్టు కోర్టులో చెల్లదు. అధికారులు వచ్చిన రోజు ఈ పని సరిగా జరుగుతోందో లేదో పక్కన నిలబడి చూడండి, చూసింది నీటి పుస్తకంలో రాయండి.

ఫిర్యాదును చేతికిస్తే రెండో కాపీ మీద రిసీవింగ్ స్టాంపు, తేదీ వేయించుకోండి. స్టాంపు వేయనంటే గొడవ పడొద్దు, పోస్టాఫీసుకు వెళ్లి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇస్తే నంబరు వస్తుంది. ఆ నంబరు గడువులోపు ముగించాలన్న ఒత్తిడి సిబ్బంది మీద ఉంటుంది కాబట్టి, పని కాకుండానే "పరిష్కరించబడింది" అని మూసేస్తే మళ్లీ తెరవమని వెంటనే అడగండి.

ప్రజాభిప్రాయ సేకరణ వస్తే

కొత్త యూనిట్ పెడుతున్నా, పాతది విస్తరిస్తున్నా చాలా సందర్భాల్లో బహిరంగ విచారణ జరుగుతుంది. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన రావాలి, ప్రాజెక్టు సారాంశం తెలుగులో దొరకాలి. షామియానా, కుర్చీలు, పోలీసులు చూసి మనవాళ్లు జంకుతారు. మీ నీటి పుస్తకం చేతిలో పెట్టుకుని మైకు దగ్గరికి వెళ్లండి. ముందే రాసుకున్న కాగితం చదివి దాని కాపీ వేదిక మీద ఇచ్చి రసీదు తీసుకోండి. విచారణ మొత్తం వీడియో తీయాలి, చివర్లో జనం చెప్పిన విషయాల సారాంశం అక్కడే తెలుగులో చదివి వినిపించాలి. అది వినకుండా ఎవరూ ఇంటికి వెళ్లొద్దు. మీరన్నది అందులో లేకపోతే అక్కడే లేచి చేర్పించండి.

శ్రీకాకుళం జిల్లా సోంపేటలో జరిగింది ఇక్కడ చెప్పుకోవాలి. బీల అని పిలిచే నేలల్లో థర్మల్ కేంద్రం వద్దని రైతులు, మత్స్యకారులు అడ్డుపడ్డారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ నేల పనికిరాని బంజరు అన్నది ప్రాజెక్టు వాదన. అది నీళ్లు నిలిచే చిత్తడి నేల, చేపకూ పంటకూ ఆధారం అన్నది ఊళ్ల వాదన. ఆ కాలంలోనే జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ దాని అనుమతిని రద్దు చేసింది. పోయిన ప్రాణాలకు లెక్క కట్టలేం. అలాంటి రోజు మళ్లీ ఏ ఊరికీ రాకూడదంటే, నేల గురించి, నీళ్ల గురించి మనకు తెలిసిన నిజం అనుమతులు ఇచ్చే ముందే ఫైలులో ఉండాలి.

చెన్నై దాకా వెళ్లాల్సి వస్తే

మండలి కదలకపోతే, పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్ ఉంది. మన రాష్ట్రం చెన్నై బెంచ్ కిందికి వస్తుంది, దరఖాస్తు ఆన్‌లైన్‌లో వేయొచ్చు. పరిహారం అడగని దరఖాస్తుకు ఫీజు 1,000 రూపాయలు. లాయరు లేకుండా స్వయంగా వాదించుకోవచ్చు, కానీ నా సలహా, ఒక లాయరు సాయం తీసుకోండి. ఆడవాళ్లు, ఎస్సీ, ఎస్టీలు, పిల్లలు దరఖాస్తుదారులైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ నుంచి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది.

గడువు మాత్రం మర్చిపోవద్దు. కాలుష్యం మీద దరఖాస్తుకు కారణం మొదలైన రోజు నుంచి 6 నెలలు, సరైన కారణం చూపితే ఇంకో 60 రోజులు. నష్టపరిహారానికైతే 5 ఏళ్లు. కొత్త పర్యావరణ అనుమతిని సవాలు చేయాలంటే 30 రోజులే, ఆపైన పొడిగింపు ట్రిబ్యునల్ దయ. "ఎప్పుడు మొదలైంది" అన్న ప్రశ్నకు మీ నీటి పుస్తకమే సమాధానం. ఎన్నూరులో కొసస్తలైయార్ నదిలో పడుతున్న బూడిద మీద అక్కడి మత్స్యకారులు ఇదే బెంచ్‌కు వెళ్లారు.

రెండు తీర్పులు మీ లాయరుకు తెలిసే ఉంటాయి, మీరూ తెలుసుకోండి. 1999లో ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి కేసులో, హైదరాబాద్ తాగునీటి జలాశయాల దగ్గర పెట్టబోయిన ఫ్యాక్టరీ విషయంలో సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది: హాని లేదని నిరూపించాల్సిన భారం పరిశ్రమ పెట్టేవాళ్లదే. రెండోది 1991 నాటి సుభాష్ కుమార్ కేసు. బొకారో ప్రాంతంలో బొగ్గు కడిగిన బురద నీళ్లు నదిలో కలుస్తున్నాయన్నది ఫిర్యాదు. కలుషితం కాని నీళ్లు, గాలి పొందడం రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని కోర్టు చెప్పింది. కానీ అదే తీర్పులో పిటిషన్ కొట్టేసింది, ఎందుకంటే వేసిన వ్యక్తికి ఆ బురద కొనుక్కునే సొంత లావాదేవీ ఉందని తేలింది. మీ బృందంలో ఎవరికైనా ఆ ఫ్యాక్టరీతో కాంట్రాక్టు గొడవో బిల్లుల బకాయో ఉంటే, వాళ్ల పేరు పిటిషన్‌లో ముందుండకూడదు. వాళ్ల మీద కోపంతో కాదు, ఊరి కేసు ఊరి కేసులాగే ఉండాలని.

జాగ్రత్తలు

ఫ్యాక్టరీ గోడ దాటొద్దు, బూడిద చెరువు కట్ట ఎక్కొద్దు. బూడిద పైన గట్టిగా కనిపించినా కింద ఊబిలా ఉంటుంది. డ్రోన్ ఎగరేయొద్దు. ప్రభుత్వ రోడ్డు, కాలవ గట్టు, మీ సొంత పొలం, ఈ మూడు చోట్ల నుంచే ఫోటోలు తీయండి. ఊరేగింపుకీ సభకీ పోలీసులకు ముందే రాసి ఇవ్వండి, నిషేధాజ్ఞలు ఉన్నాయేమో కనుక్కోండి. వాట్సాప్ గ్రూపులో అధికారుల్ని, మేనేజర్లని పేరు పెట్టి తిట్టేవాళ్లను ఆ రోజే ఆపండి, ఒక్క మెసేజ్‌తో విషయం నీళ్ల మీద నుంచి పరువునష్టం మీదికి మళ్లిపోతుంది. ఆధారం లేని జబ్బుల లెక్కలు, "ఇంతమందికి క్యాన్సర్" లాంటివి రాయొద్దు. ఆరోగ్యం విషయంలో పీహెచ్‌సీ డాక్టరు చేత వైద్య శిబిరం పెట్టించమని అడగండి, ఆ రికార్డే మాట్లాడుతుంది.

డబ్బు పుస్తకం విడిగా ఉండాలి. ఎవరు ఎంత ఇచ్చారు, ల్యాబుకి ఎంత, బస్సు చార్జీలకు ఎంత, ప్రతి నెలా పంచాయతీ బోర్డు దగ్గర అంటించండి. ఏ పార్టీ నాయకుడు వచ్చి మద్దతిచ్చినా తీసుకోండి, కానీ పుస్తకాలు మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి. స్కాన్ చేసిన కాపీలు కనీసం మూడిళ్లలో, ఊరి బయట ఒక చుట్టం ఇంట్లో ఉంచండి.

ఆదేశం వచ్చాక

మండలి నోటీసు ఇచ్చినా, ట్రిబ్యునల్ ఆదేశించినా పని సగమే అయింది. ఆదేశంలోని ఒక్కో షరతునూ ఒక వరుసలో రాసి పక్కన గడువు తేదీ పెట్టండి. గడువు దాటిన మర్నాడే సమాచార హక్కు దరఖాస్తు పడాలి. బూడిద చెరువు దగ్గరి బోరు, దూరపు బోరు రెండింటికీ ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందొకసారి, తర్వాత ఒకసారి, అదే ల్యాబులో అవే పరీక్షలు కొనసాగించండి. భూగర్భంలోకి దిగిన సల్ఫేటు పైప్ మూసిన రోజే పోదు, తగ్గడానికి ఏళ్లు పడుతుంది. అందుకని నీటి పుస్తకం రాసే బాధ్యతను ఇప్పుడు పదో తరగతి చదువుతున్న ఇద్దరు పిల్లలకు నేర్పించి, ఈ వానాకాలపు నమూనాలు వాళ్ల చేతే తీయించండి.